ఇటుక గోడ జోలికి ఇప్పుడే పోకు, ముందు పుస్తకాల అల్మారాలకు రంగు వెయ్యి

తమ్మీ, నువ్వు రాసింది మొత్తం చదివిన, ఫోటోలు పెద్దగ చేసుకొని చూసిన. మిగతా వాళ్లకు కూడ తెలవాలని నీ సంగతి ముందు రెండు మాటల్ల చెప్త. నల్లగొండల దేవరకొండ రోడ్డు దిక్కు 1988ల మీ నాయన కట్టించిన ఇల్లు. హాల్ల టీవీ వెనక పదడుగుల వెడల్పు గోడ ప్లాస్టరింగ్ లేకుండ ఇటుక కనబడేటట్టు విడిచిపెట్టిండ్రు. దానికి రెండు పక్కల గోడలనే కట్టిన పుస్తకాల అల్మారాలు ఉన్నయి, ముదురు పాలిష్. అన్నీ కలిసి హాలు పగటిపూట కూడ లైటు వేసుకునేటట్టు ఉన్నది. మీ ఇంటామె అమెరికా వీడియోలు చూసింది. అక్కడ పాత ఇటుక ఫైర్‌ప్లేస్‌కు, పక్కన షెల్ఫులకు తెల్లరంగు వేస్తే గది మొత్తం మారిపోయింది, మనం కూడ వేద్దాం అంటున్నది. నాయనేమో ఇటుక మీద చెయ్యి పడనియ్యనంటున్నడు. నువ్వు మధ్యల నిలబడి ఏ పెయింటు కొనాల్నో చెప్పమని అడిగినవు.

పెయింటు పేరు తర్వాత. అల్మారాలకు ఇప్పుడు వేసుకో. ఇటుకను ఇంకో రెండు మూడు నెలలు అట్లనే ఉండనియ్యి. నాయన మాట నెగ్గాలని నేను ఇది చెప్తలేను. చెక్క మీద రంగు నచ్చకపోతే గీకొచ్చు, రుద్దొచ్చు, పైన ఇంకోటి వేసుకోవచ్చు. ఇటుకకు సన్న సన్న రంధ్రాలు ఉంటయి. ఒకసారి పెయింటు అందులకు దిగిందంటే మళ్ల ఎర్ర ఇటుకను చూసుడు కష్టమే. కెమికల్ పోసి తీస్తమంటరు, తీసినంక చూస్తే సగం తెలుపు, సగం ఎరుపు, ఇటుక ముఖం ఊడిపోయి ఉంటది. అందుకని వెనక్కి తిప్పుకోగల పని ముందు చెయ్యాలె. ఇంకోటి, నీ ఫోటోలల్ల చీకటి తెచ్చేది ఇటుక కాదు. రెండు పక్కల నేల నుంచి సజ్జ దాక నల్లబడ్డ పాలిష్ ఉన్నది, వెలుగంతా అదే మింగుతున్నది. ఆ రెండూ తెల్లగైతే మధ్యల ఎర్ర ఇటుక అందంగనే కనబడొచ్చు. అప్పుడు ఇంట్ల కొట్లాట కూడ ఉండదు.

ఆ వీడియోల సంగతి జర చెప్పాలె. నేను నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ దిక్కు పెయింటింగ్ కాంట్రాక్టు చేస్తున్న మనిషిని. ఈ నడుమ ఏ ఇంటికి పోయినా ఫోన్ల ఇట్లాంటి వీడియో చూపిస్తరు. ఆ ఇండ్లు ఎక్కువగ 1960, 70లల్ల కట్టినవి. అక్కడ చలికి హాల్ల కట్టెలు కాల్చుకునే పొయ్యి ఉంటది, దాని చుట్టూ ఇటుక. వాళ్ల మొదటి తలనొప్పి మసి. ట్రైసోడియం ఫాస్ఫేట్ అనే కడిగే పొడి కలిపిన నీళ్లతోటి రుద్ది కడుగుతరు, ఎండినంక మరక పైకి రాకుండ ఆపే ప్రైమర్ వేస్తరు, తర్వాత బయటి ఇటుకకు మామూలు అక్రిలిక్ పెయింటు. మంట మండే లోపలి భాగానికి మాత్రం వేడి తట్టుకునే వేరే పెయింటు ఉంటది, మామూలుది వేస్తే కాలిపోయి పొక్కులొస్తది. నీ గోడ ముందట మంట లేదు, టీవీ ఉన్నది. కాబట్టి దుకాణంల ఎవరన్న వేడి తట్టుకునే పెయింటని అంటగడితే కొనకు. మసి కడిగే పని కూడ నీకు లేదు. మసి ఉన్నదంటే మీ ఎడమ అల్మారాల నడుమ అరల దీపం పెట్టిన జాగల ఉన్నది, దాని సంగతి కింద చెప్త.

మన దగ్గర ఇటుకకు అసలు శత్రువు చౌడు. ఆ వీడియోలల్ల దాని పేరు కూడ వినబడదు. నీ మూడో ఫోటోల ఎడమ దిక్కు కింద, నేల నుంచి మోకాలెత్తు దాక ఇటుకల మీద తెల్లగ పొడి లెక్క కనబడుతున్నది చూసినవా? నువ్వు పాత సున్నం మరకలనుకొని ఉంటవు. నాకైతే అది ఉప్పు పొంగినట్టే కొడుతున్నది. ఇటుకలనో, సిమెంటులనో, కట్టేటప్పుడు పోసిన బోరు నీళ్లలనో, పునాది కింద మట్టిలనో కరిగే ఉప్పు ఉంటది. గోడకు తడి తగిలితే ఆ ఉప్పు నీళ్లల్ల కరిగి బయటికి నడిచి వస్తది. గోడ ముఖం మీద నీళ్లు ఆవిరైతయి, ఉప్పు గడ్డకట్టి అక్కడ్నే మిగిలిపోతది. మన జిల్లాల నేలలు, బోరు నీళ్లు ఎట్లాంటియో నీకు చెప్పాల్సిన పని లేదు. సాగర్ ఎడమ కాలువ కింద ఆయకట్టు ఊర్లల్లనైతే నేలల తడి పైకే ఉంటది, హాలియా, మిర్యాలగూడ దిక్కు పాత ఇండ్ల గోడలు నడుము దాక పొరలు పొరలుగ రాలుడు నువ్వు కూడ చూసే ఉంటవు.

ఇప్పుడు ఈ ఉప్పు మీద పెయింటు వేస్తే ఏమైతది? తడి లోపల ఆగదు, వస్తనే ఉంటది. ముందు ఇటుక ముఖం మీద గడ్డకట్టిన ఉప్పు ఇప్పుడు పెయింటు పొర వెనక గడ్డకడతది. ఆ గడ్డ పెరిగేటప్పుడు చాన బలంగ నెడతది. మొదటి వానాకాలం పొక్కులు, రెండో వానాకాలం పెచ్చులు. ఒక్కోసారి ఇటుక ముఖం కూడ దాంతో పాటే ఊడొస్తది. పైనుంచి వాటర్‌ప్రూఫ్ కోటింగ్ కొడితే ఆగుతదని చెప్పేటోళ్లు మస్తుమంది ఉన్నరు. ముందటి దిక్కు మూస్తే తడి ఇంకొంచెం పైకి ఎక్కుతది, లేదంటే పక్కన నీ అల్మారా చెక్కలకు పోతది, అంతే. తడి ఎక్కడ్నుంచి వస్తున్నదో అక్కడ ఆపాలె.

ఎక్కడ్నుంచి వస్తున్నదో కనుక్కునుడు పెద్ద విద్యేం కాదు. ముందు ఆ తెల్ల పొడి మీద వేలితోటి రెండు చుక్కల నీళ్లు పెట్టు. కరిగి కనబడకుండ పోతే ఉప్పు. కరగకుండ నల్లగనో పచ్చగనో జిగటగ ఉంటే బూజు. తర్వాత రెండడుగుల పాలిథిన్ ముక్క తీసుకొని గోడకు పెట్టి నాలుగు అంచులు టేపుతోటి గాలి పోకుండ అంటించు, రెండు రోజులు విడిచిపెట్టు. ఇటుక పొక్కిళ్లు పొక్కిళ్లుగ ఉంటది కాబట్టి టేపు మంచిగ అతుక్కోదు, రెండు వరసలు వెయ్యి. లోపలి దిక్కు, అంటే గోడ దిక్కు, చెమట పట్టిందంటే తడి గోడలనే ఉన్నది. బయటి దిక్కు పడితే అది గది గాలిల తేమ. ఒక ముక్క కింద మోకాలెత్తుల, ఒకటి భుజమెత్తుల పెట్టు. కింద పట్టి పైన పట్టకపోతే నేల నుంచి ఎక్కుతున్నదని గట్టిగ అనుకోవచ్చు. ఆ రోజులల్ల కట్టిన చాన ఇండ్లల్ల పునాది మీద తడి ఎక్కకుండ వేసే పొర సరిగ్గ వేయలేదు. నేల నుంచి ఎక్కే తడి మామూలుగ మూడడుగుల లోపలనే ఆగుతది. మచ్చ ఒకే మూలకు, అడ్డదిడ్డంగ ఉంటే పైపు మీద అనుమానం పెట్టుకో. నీ ప్లాను గీసి పంపినవు గద, ఆ గోడ వెనక బాత్రూం ఉన్నది. ముప్పై ఏండ్లు దాటిన జీఐ పైపు, అంటే జింకు పూత పెట్టిన ఇనుప పైపు, గోడలల్ల ఉంటే తుప్పు పట్టి చెమ్మ విడుచుడు మామూలే. ఇంట్ల నల్లాలన్నీ కట్టేసి, రాత్రి ట్యాంకుల నీళ్ల మట్టం గుర్తు పెట్టుకొని పొద్దున చూడు. తగ్గితే ప్లంబర్‌ను పిలువు, పెయింటర్‌ను కాదు.

ఉప్పును కడగకు. కడిగితే అది నీళ్లల్ల కరిగి మళ్ల లోపలికి పోతది, ఎండినంక మళ్ల బయటికి వస్తది. గట్టి ప్లాస్టిక్ బ్రష్‌తోటి పొడిగ దులిపి, కింద పాత పేపరు పరిచి పట్టుకొని బయట పారెయ్యి. ఇనుప బ్రష్ వద్దు, తెగిన తీగ ముక్కలు ఇటుకల ఇరుక్కొని తుప్పు మరకలు పడతయి. యాసిడ్ అసలే వద్దు. బాత్రూం కడిగే యాసిడ్ తెచ్చి ఇటుక మీద పోస్తే ఒకరోజు మెరుస్తది. గాని అది సందుల సిమెంటును తింటది, పైగ గోడకు కొత్త ఉప్పును తనే ఇచ్చి పోతది. దులిపినంక తారీకు రాసుకో. తడి ఆపినంక కూడ లోపల ఉన్న ఉప్పు కొన్ని నెలలు వస్తనే ఉంటది, ప్రతిసారి తక్కువ వస్తది. ఒక వానాకాలం గడిచినా ఏం రాకపోతే ఆ గోడ రంగుకు తయారైనట్టు. నేను రెండు మూడు నెలలు ఆగుమన్నది అల్మారాలు చూసి మనసు నిర్ణయించుకునేటందుకు. చౌడు ఉన్నదని తేలితే ఆ లెక్క వేరే, అది గోడ చెప్పినన్ని రోజులు.

ఇంకోటి చూడు, అది నిజంగ వట్టి ఇటుకేనా? ఆ కాలంల కనబడే ఇటుకకు ఎర్ర ఆక్సైడ్ పెయింటు కొట్టి, సందులకు తెల్ల సిమెంటుతోటి గీతలు దిద్దుడు బాగ నడిచింది. నీ ఫోటోల ఇటుకలన్నీ ఒకే ఎరుపు, గీతలన్నీ ఒకే తెలుపు. మన బట్టీల కాలిన ఇటుక ఎప్పుడూ ఒకే రంగు ఉండదు, ఒకటి నారింజ, ఒకటి ముదురు, ఒకటి అంచుల మాడి ఉంటది. కాబట్టి టీవీ వెనక, ఎవ్వరికీ కనబడని జాగల ఒక ఇటుకను గీకి చూడు. పైన పొర ఊడి లోపల వేరే రంగు కనబడితే, మీ నాయన కాపాడుతున్నది కూడ పెయింటే! అప్పుడు ఆయనతోటి మాట్లాడుడు సులువైతది. ఇంకో పరీక్ష: ఇటుక మీద నీళ్లు చిలకరించు. పీల్చుకుంటే వట్టి ఇటుక. ముత్యాలుగ జారితే పైన వార్నిషో సిలికానో కొట్టి ఉన్నరు, దాని మీద ఏ రంగూ నిలబడదు. వార్నిష్ అయితే గీకి, రుద్ది మెరుపు పోగొట్టినంక గాని ప్రైమర్ పట్టదు. సిలికాన్ అయితే దాని పట్టు తగ్గేదాక ఆగుడే నయం.

అన్నీ సరిగ్గ ఉండి, అందరూ ఒప్పుకొని, ఇటుకకు వేద్దామనుకున్నరే అనుకో. అప్పుడు రెండు దారులు. ఒకటి సున్నం. వినంగనే ముఖం చిట్లించకు. మట్టంపల్లి, హుజూర్‌నగర్ దిక్కు భూమి నిండ సున్నపురాయే, మన తాతలు డంగు సున్నం తోటి కట్టిన గోడలు ఇంకా నిలబడి ఉన్నయి. సున్నం గోడను మూయదు, తడి దాని నుంచి బయటికి పోతది. చౌడు ఎప్పుడన్న పొంగినా ఆ జాగ దులిపి మళ్ల ఒక చెయ్యి, అంటే ఒక పూత, వేస్తే అయిపాయె. రాత్రి నానబెట్టి, బట్టల వడగట్టి, పల్చటి మజ్జిగ లెక్క చేసుకొని, కొంచెం బంక కలిపి, ఇటుక మీద ముందు నీళ్లు చల్లి పల్చగ వెయ్యాలె. వేసినప్పుడు ఏం కనబడదు, ఎండుతుంటే తెల్లగైతది. అది తెలవక కొత్త పిల్లలు మందంగ పూస్తరు, తర్వాత పెచ్చులు పెచ్చులు లేస్తది. రోజుకు ఒక చెయ్యి చొప్పున రెండు చేతులు వేస్తే ఇటుక కొంచెం కొంచెం కనబడుకుంట ఉంటది, మూడు వేస్తే మూసుకుంటది. నీ అసొంటి ఇంటికి నేనైతే రెండు చేతుల కాడ ఆపుత. అది చూసి మీ ఇంటామె తెలుపు అంటది, నాయన ఇటుక అంటడు. కష్టం ఏందంటే ఆనుకుంటే బట్టలకు అంటుకుంటది, సోఫా వెనక్కి ఆనిస్తే తెల్లటి వీపులతోటి లేస్తరు. పనిచేసేటప్పుడు కండ్లకు అద్దాలు పెట్టుకోవాలె, సున్నం కంట్ల పడితే ఆట కాదు. ఇదంతా ముందు ఎర్ర ఆక్సైడ్ కొట్టని వట్టి ఇటుకకే. పాత పెయింటు మీద సున్నం పట్టుకోదు.

రెండోది ఎమల్షన్, అంటే గోడలకు వేసే నీళ్ల పెయింటు. ముందు దుమ్ము దులపాలె, ఊడిన సందులు సిమెంటు తోటి పూడ్చాలె. పూడ్చిన సిమెంటు 28 రోజులు ఆరాలె, పచ్చి సిమెంటుల క్షారం ఎక్కువ ఉంటది, అది పెయింటును తింటది. తర్వాత సిమెంటు ప్రైమర్, దాని మీద రెండు కోట్లు మెరుపు లేని ఎమల్షన్. మెరిసేది వద్దు, టీవీ పక్కన మెరిసే గోడ ఉంటే సాయంత్రం కిటికీ వెలుగంతా కంట్ల కొడతది. మొదటి కోటు బ్రష్‌తోనే సందులల్లకు గుచ్చి గుచ్చి వెయ్యాలె, తర్వాతది పొడుగు నూలు రోలర్‌తోటి. ఇటుక మీద లప్పం (పుట్టీ) మాత్రం పెట్టనియ్యకు. పెయింటర్ చేతుల లప్పం ఉంటే ఊరుకోడు, సాపు చేస్తనంటడు. సాపు చేస్తే అది ఇటుక గోడే కాదు, ప్లాస్టరింగే చేసుకోవచ్చు. పదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు అంటే 90 చదరపు అడుగులు. సాపు గోడైతే లీటరున్నర సరిపోయేది, ఇటుక తాగుతది కాబట్టి రెండు కోట్లకు రెండున్నర, మూడు లీటర్లు పట్టుకో.

ఇగ అల్మారాల కాడికి వద్దాం, నీకు ముందు కావాల్సింది ఇదే.

ముందు అవి దేనితోటి చేసినయో చూడు. ఫోటోల చెక్క ఫ్రేము, కింది భాగంల తలుపులు, పైన తెరిచి ఉన్న అరలు కనబడుతున్నయి. కింది అరల బల్ల మాత్రం చెక్క లెక్క లేదు, షాబాదు బండ లెక్క ఉన్నది. బండ అయితే దానికి పెయింటు వద్దు, కడిగి విడిచిపెట్టు. పుస్తకాలు రోజూ జరుపుతుంటే బండ మీద పెయింటు గీతలు గీతలుగ లేస్తది, ఆ బూడిద రంగు బండ తెల్ల ఫ్రేముల మంచిగనే ఉంటది. తలుపు ఒకదాని కబ్జా (కీలు) విప్పి, వెనక పాలిష్ తగలని జాగల చెక్క చూడు. టేకు అయితే ఒక్క క్షణం ఆగు. ఆ కాలం టేకు ఇప్పుడు కొనాలంటే ఎంతైతదో నీకు తెలుసు. నేనైతే టేకు తలుపులను రుద్ది, లేత పాలిష్ పెట్టి, పెట్టె లోపలి భాగానికి, వెనక గోడకు మాత్రమే రంగు వేస్త. లోపల తెల్లగై, ముందు లేత చెక్క కనబడితే సగం చీకటి అక్కడ్నే పోతది. వేప, మద్ది, లేకుంటే ప్లైవుడ్ అయితే ఏం ఆలోచించకు, మొత్తం వేసెయ్యి.

చెదలు చూడు. పెయింటు వేసే ముందు ప్రతి అర మూలల స్క్రూడ్రైవర్ మొనతోటి పొడిచి చూడు. లోపలికి దిగితే ఆ ముక్క మార్చి, మందు కొట్టించినంకనే ముందుకు పో. పైన తెల్లగ వేసి కింద డొల్ల పెట్టుకుంటే పుస్తకాలు కూడ పోతయి.

పాత పాలిష్ ఏ రకమో తెలుసుకునుడు ఇంకో చిన్న పని. దూదిని స్పిరిట్‌ల ముంచి కనబడని జాగల రుద్దు. జిగటగై దూదికి రంగు అంటితే అది లక్క పాలిష్. ఆ రోజులల్ల ఎక్కువ అదే. స్పిరిట్‌కు కదలకుండ థిన్నర్‌కు మెత్తబడితే లక్కర్. రెండింటికీ లొంగకపోతే మెలమిన్ అసొంటిది. మెలమిన్ అయితే ఒక్కటే సూత్రం, మెరుపు పూర్తిగ చచ్చేదాక 180 నంబరు ఎమరీ కాగితంతోటి రుద్దాలె, లేకుంటే గోరుతోటి గీకితే పెయింటు పొరలుగ లేస్తది. ఏదైనా సరే, రుద్దే ముందు టర్పెంటైన్ బట్టతోటి తుడువు. ఏండ్ల కొద్ది చేతుల జిడ్డు, పండుగ పండుగకు పూసిన నూనె ఉంటయి. జిడ్డును తుడవకుండ రుద్దితే ఎమరీ దాన్ని చెక్కలకే ఎక్కిస్తది. దీపం అర ఉన్నదన్న గద, దాన్ని సబ్బు నీళ్లతోటి, తర్వాత టర్పెంటైన్ తోటి, రెండుసార్లు కడగాలె. మసి, నూనె ఎంత తెల్లపెయింటు వేసినా పసుపుగ పైకి వస్తనే ఉంటయి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగ చెప్త. నీ ఇంట్ల చిన్న పాప ఉన్నదని రాసినవు. అల్మారాల లోపల పచ్చ ఎనామిల్ ఉన్నది, అది 90లల్ల వేసి ఉంటరు. మన దేశంల పెయింటుల సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాలల్ల 90, దాటొద్దని 2016ల నియమాలు వచ్చినయి, 2017 నవంబర్ 1 నుంచి అమలైనయి. అంతకుముందు ఎనామిల్ డబ్బాల ఎంత సీసం ఉన్నదో డబ్బా చూసి చెప్పలేవు. కాబట్టి ఆ పచ్చరంగును పొడిగ రుద్దనియ్యకు, మెషీన్ అసలే పెట్టనియ్యకు. నీళ్ల ఎమరీతోటి తడిపి రుద్దాలె, ఆ బురదను బట్టతోటి తీసి కవర్ల మూటగట్టాలె, ముక్కుకు మంచి మాస్కు ఉండాలె. పని అయ్యేదాక పాప, కడుపుతో ఉన్నోళ్లు ఎవరన్న ఉంటే వాళ్లు ఆ గదికి రావొద్దు. రెండు రోజులు అమ్మమ్మ ఇంటికి పంపు. సాయంత్రం చీపురుతోటి ఊడిస్తే దుమ్ము లేస్తది, తడిబట్టతోటి తుడువు.

ప్రైమర్ వేసుట్ల తొందర పడకు. ముందు ఒక చిన్న అరకు మాత్రమే ఉడ్ ప్రైమర్ వేసి రెండు రోజులు చూడు. లక్క పాలిష్‌ల రంగు పొడి కలిపి ఉంటరు, అది తెల్ల ప్రైమర్ నుంచి గులాబీగనో పసుపుగనో పైకి వస్తదా రాదా అని చూసుకోవాలె. వస్తే మరకలు ఆపే ప్రైమర్ అడిగి తెచ్చుకో. రాకపోతే మామూలుదే చాలు. ప్రైమర్ ఆరినంక మేకు రంధ్రాలు, పగుళ్లు లప్పంతోటి పూడ్చి, 220 నంబరు ఎమరీతోటి తేలికగ రుద్ది, మళ్ల ఆ జాగలల్ల ప్రైమర్ ముట్టించు. చాన మంది లప్పం మీద నేరుగ పెయింటు వేస్తరు, ఆ మచ్చలు తర్వాత వెలుగుల వేరేగ కనబడతయి.

పెయింటు ఏదంటే, నీళ్లతోటి కలిపే ఎనామిల్ తీసుకో. నూనె ఎనామిల్ గట్టిదే, మెరుపు కూడ ఎక్కువే, గాని తెల్లది వెలుగు తగలని జాగల పసుపు పడతది. తలుపులు మూసి ఉండే కింది అరలల్ల ఏడాది తిరగంగనే తేడా తెలుస్తది. నీళ్లది పసుపు పడదు, వాసన తక్కువ. దానికి సాటిన్, అంటే సగం మెరుపు చాలు. రంగుకైతే పాలతెలుపు తీసుకోకు. ఎర్ర ఇటుక పక్కన, షాబాదు బండల నేల మీద అది ఆసుపత్రి తెలుపు లెక్క కొడతది. కొంచెం పసుపు ఛాయ ఉన్న తెలుపు తీసుకో. అరల వెనక గోడకు కూడ అదే వెయ్యి, వీడియోలల్ల చూపినట్టు వెనక నీలం, ముదురు ఆకుపచ్చ వేస్తే మీ హాల్ల మళ్ల చీకటే.

ఎంత కావాల్నో జనం ఎప్పుడూ తక్కువ లెక్కేస్తరు. రెండు అల్మారాలు, మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, ముందు నుంచి చూస్తే 42 చదరపు అడుగులే. గాని అరకు పైన, కింద రెండు ముఖాలు, పక్కలు, వెనక ఉన్నయి గద. అడుగు లోతు, ఆరు బల్లలు అనుకుంటే ఒక్కో అల్మారాకు 71, రెండింటికి 142 చదరపు అడుగులు. తలుపులకు కూడ వేస్తే వాటి రెండు ముఖాలు అదనం. రెండు కోట్లకు రెండు నుంచి రెండున్నర లీటర్లు. మొదటి కోటు ముందు అరల కింది ముఖాలకు వేసుకుంట రావాలె, పై ముఖాలు చివరికి. తిప్పి వేస్తే మోచెయ్యి తడి పెయింటుకు తగులుతది.

పెయింటు ముట్టుకుంటే ఆరినట్టు సాయంత్రానికే అనిపిస్తది. పుస్తకాలు మాత్రం అప్పుడే పెట్టకు. లోపలి దాక గట్టిపడేటందుకు కనీసం రెండు వారాలు, నీళ్ల పెయింటుకు మూడు నాలుగు వారాలు కూడ పడతది. తొందరపడి పెడితే బరువుకు అట్ట బల్లకు అతుక్కుంటది, తీసేటప్పుడు అట్టన్న చినుగుతది, పెయింటన్న లేస్తది. పాత దినపత్రిక ముక్క అర మీద పెట్టి పైన ఇటుక బరువు పెట్టి రాత్రంతా ఉంచు. పొద్దున అక్షరాలు అంటకుండ కాగితం సాఫుగ లేస్తే పుస్తకాలు పెట్టొచ్చు. పెట్టేటప్పుడు వెనక గోడకు ఆనించకుండ వేలెడు సందు విడువు, గాలి ఆడుతది. మూడడుగుల బల్ల మీద నాయన నిఘంటువులన్నీ ఒక్క అరల పెడితే నడుమ వంగుతది, బరువైనవి పక్కలకు, కింద బండ మీదకు సర్దు.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాక మంచి కాలం. మన ఎండాకాలం 44 డిగ్రీలల్ల నీళ్ల పెయింటు బ్రష్ కిందనే ఎండుతది, గీతలు పడతయి. వానాకాలం చెక్క ఉబ్బి ఉంటది, తలుపులకు పెయింటు వేసి మూస్తే అతుక్కుంటయి.

పని ఇచ్చేటప్పుడు సామాను నువ్వు కొను, కూలి మాట్లాడుకో. అడుగు లెక్కన ఇస్తే రుద్దుడు ఎగ్గొడతరు, ఎందుకంటే రుద్దుడు కనబడదు. అందుకని అల్మారాలకు రోజుకూలి పెట్టుకో, రుద్దినంక నువ్వు చెయ్యి పెట్టి చూసి ఒప్పుకున్నంకనే ప్రైమర్ డబ్బా తెరవమను. బాత్రూం పైపు సంగతి, పాలిథిన్ ముక్కల సంగతి ఏం తేలిందో రాయి. మూడో ఫోటో మూలను పగటి వెలుగుల దగ్గర్నుంచి తీసి పంపు, దాన్ని చూసినంక ఇటుకకు సున్నమా, ఎమల్షనా, ఏదీ వద్దా అన్నది చెప్త.